దీనికి కూడెవరు పెడుతున్నారు?

ఎలక్ట్రానిక్స్ చదివినవాడెవడినైనా అర్ధరాత్రి నిద్రలేపి "యాక్టివ్ కాంపొనెంటుకీ పాసివ్ కాంపొనెంటుకీ తేడా ఏమిట్రా?" అని అడగండి. కళ్ళు తెరవకుండానే చెప్పేస్తాడు. "పవర్ సప్లై కావాల్సినవి యాక్టివ్, అక్కర్లేనివి పాసివ్. ట్రాన్సిస్టరు, ఐసీ యాక్టివ్. రెసిస్టరు, కెపాసిటరు, ఇండక్టరు పాసివ్." రెండు మార్కులు. మళ్ళీ అటు తిరిగి పడుకుంటాడు. డిప్లొమా వైవాల నుంచి క్యాంపస్ ఇంటర్వ్యూల దాకా ఈ ఒక్క ప్రశ్న ఎన్ని లక్షల మందిని గట్టెక్కించిందో లెక్కలేదు.

నేను కూడా ఈసీఈ చదివి, అందరిలాగే సాఫ్ట్‌వేర్లో తేలినవాణ్ణే. మాది కోడూరు. కడప వైపు రైల్వే కోడూరు కాదండీ, కృష్ణా జిల్లా దివిసీమలో కోడూరు. అవనిగడ్డ దాటి ఇంకా సముద్రం వైపు వస్తే మేముంటాం. ఈ మధ్య పాలిటెక్నిక్ చదువుతున్న మా బాబాయి కూతురు ఈ ప్రశ్నకే ఓ మెలిక పెట్టింది. "అన్నయ్యా, పవర్ స్టేషన్లో ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని అన్ని రెట్లు పెంచుతుంది కదా. పెంచేది యాక్టివ్ అని మా మేడమ్ చెప్పారు. మళ్ళీ ఆవిడే ట్రాన్స్‌ఫార్మరు పాసివ్ అంటారు. ఇంతకీ ఏది రాయను?"

పరీక్షలో ఏది రాయాలో చెప్పడం తేలిక. కానీ పిల్ల అడిగిన దాంట్లో అసలు విషయం ఉంది. దాని గురించే ఈ సోది.

ముందు ట్రాన్స్‌ఫార్మరు సంగతి. మన వీధి చివర స్తంభాల మీద ఉండేదాన్నే తీసుకోండి. అది 11 వేల వోల్టుల్ని తీసుకుని 415 వోల్టులు చేసి మనకిస్తుంది. వోల్టేజీ తగ్గింది, ఆంపియర్లు ఆ మేరకు పెరిగాయి. పవర్ స్టేషన్లో ఉండేది దీనికి తిరగబడ్డ వ్యవహారం. అక్కడ వోల్టేజీ పెరిగి ఆంపియర్లు తగ్గుతాయి. రెంటినీ హెచ్చవేసి చూస్తే ఎటు నుంచి వెళ్ళినా లోపలికి పోయిన పవర్ కంటే బయటికొచ్చిన పవర్ ఎప్పుడూ కాస్త తక్కువే. ఆ తేడా వేడిగా పోతుంది. వంద నోటిచ్చి పది పదులు తెచ్చుకున్నట్టు. చిల్లర చేతినిండా ఉంటుంది గానీ డబ్బు పెరగలేదు. అందుకే అది పాసివ్. వోల్టేజీ పెరిగిందా అని చూడకూడదు, పవర్ పెరిగిందా అని చూడాలి.

మరి ట్రాన్సిస్టరు? దాని బేస్‌లోకి పోయే చిన్న సిగ్నలు కంటే కలెక్టరు దగ్గర వచ్చే సిగ్నలు పవర్ ఎన్నో రెట్లు ఎక్కువ. అదే యాక్టివ్ అంటే. అయితే ఆ పెరిగిన పవర్ ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడే చాలామంది పొరబడతారు, ట్రాన్సిస్టరు లోపల పుట్టిందనుకుంటారు. అది పుట్టించలేదు. పక్కనున్న బ్యాటరీ దగ్గర తీసుకుంది. సిగ్నలు ఎలా ఊగితే అలా బ్యాటరీ కరెంటుని వదిలింది, అంతే.

దివిసీమ వాళ్ళకి దీన్ని చెప్పడానికి పెద్ద పాఠం అక్కర్లేదు. మా బతుకంతా కాలవ శివారు బతుకు. విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్ళు కాలవలో దిగి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా కృష్ణ పాయని దాటి మా పొలాలకి రావాలి. దార్లో లాకులు, తూములు, వాటి దగ్గర లస్కర్లు. లస్కరు ఒక్కడే చేత్తో చక్రం తిప్పుతాడు. ఆ చేతికున్న బలమెంత? కానీ దాని వెనక కదిలే నీళ్ళు వందల ఎకరాలు తడుపుతాయి. చిన్న కదలికతో పెద్ద ప్రవాహాన్ని అదుపు చెయ్యడం. ట్రాన్సిస్టరు చేసే పని అచ్చంగా ఇదే. లస్కరు నీళ్ళు పుట్టించడు. పైన లేకపోతే చక్రం అరిగేదాకా తిప్పినా శివారుకి చుక్క రాదు. సప్లై లేని ట్రాన్సిస్టరూ అంతే.

ఇదే పోలికలో కాలవ అడుగునా గట్టునా నీటికి తగిలే ఒరిపిడి రెసిస్టరు. నీళ్ళు పోసుకుని, కావాల్సినప్పుడు తిరిగిచ్చే చెరువు కెపాసిటరు. పెద్ద పైపులో జోరుగా పోతున్న నీటిని ఉన్నట్టుండి ఆపితే దబ్బున గుద్దుతుంది చూశారూ, ఆ మొండి ఊపు ఇండక్టరు. ఈ మూడూ నీటిని కాసేపు ఉంచుకుంటాయి, నెమ్మది చేస్తాయి, కొంత పోగొడతాయి. తీసుకున్నదాని కంటే ఎక్కువ మాత్రం ఇవ్వలేవు.

2024 సెప్టెంబరు మొదట్లో వరదొచ్చినప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్ళింది. 70 గేట్లూ ఎత్తేశారు. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్ వెయిట్లని గుద్దాయి. దిగువనున్న మా లంకల వాళ్ళకి ఆ రెండు మూడు రాత్రులూ నిద్ర లేదు. అప్పుడు కూడా గేటు చెయ్యగలిగింది తెరుచుకోవడం, మూసుకోవడం మాత్రమే. నీళ్ళు పైనుంచి వచ్చినవి. ఇది బుర్రలో పెట్టుకుంటే యాక్టివ్ పాసివ్‌ల గురించి సగం తెలిసినట్టే.

ఇక మిగతా సగం. మన తెలుగు పుస్తకాల్లో యాక్టివ్‌కి క్రియాశీల అనీ, పాసివ్‌కి నిష్క్రియ అనీ రాస్తారు. నిష్క్రియ అనగానే ఏమనిపిస్తుంది? ఏ పనీ చెయ్యకుండా అరుగు మీద కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. పాపం, కెపాసిటరుకి ఎంత అన్యాయం!

మా ఊళ్ళో కెపాసిటరంటే ఎవరికీ తెలీదు గానీ కండెన్సరంటే చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఫ్యాను కర్రతో తోస్తే గానీ తిరగట్లేదంటే కండెన్సరు పోయినట్టు. షాపుకెళ్ళి "రెండున్నర కండెన్సరు" అంటే వంద రూపాయల లోపు వచ్చేస్తుంది. రెండున్నర అంటే రెండున్నర మైక్రోఫారడ్లు. ఫ్యానులో రెండు చుట్లుంటాయి. రెంటికీ ఒకేసారి కరెంటు పెరిగి తగ్గితే లోపలి అయస్కాంత క్షేత్రం ముందుకీ వెనక్కీ ఊగుతుంది గానీ గుండ్రంగా తిరగదు. కండెన్సరు ఒక చుట్టలో కరెంటుని కాస్త ముందుకి జరుపుతుంది. ఆ తేడాతో క్షేత్రం తిరగడం మొదలెడుతుంది, దాంతో పాటు రెక్కలూ తిరుగుతాయి. తన దగ్గర్నుంచి ఒక్క వాటు కూడా వెయ్యకుండా, టైమింగు మార్చి ఫ్యానుని తిప్పించింది. దాన్ని పట్టుకుని నిష్క్రియ అంటే ఎలాగండీ?

ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైంది. ఆ పథకానికి తర్వాత పెట్టిన షరతుల్లో కెపాసిటరు ఒకటి. ఐఎస్‌ఐ మార్కు పంపుసెట్టు, ఒరిపిడి తక్కువున్న ఫుట్‌వాల్వు, మంచి ప్లాస్టిక్ పైపులు, వీటితో పాటు మోటారుకి కెపాసిటరు బిగించుకోవాలన్నారు. మాది కాలవ కింద ఊరు కాబట్టి మాకు బోర్ల గోల తక్కువ. మెట్ట ప్రాంతాల వాళ్ళకి ఇది బాగా తెలుసు.

దాని లెక్క ఇలా ఉంటుంది. ఐదు హార్స్‌పవర్ల త్రీఫేజు మోటారు సుమారు నాలుగున్నర కిలోవాట్లు లాగుతోందనుకోండి. పవర్ ఫ్యాక్టరు 0.7 ఉంటే తీగలో దాదాపు 9 ఆంపియర్లు పారుతుంది. తగిన కెపాసిటరు పెట్టి దాన్ని 0.95కి తెస్తే 6.6 ఆంపియర్లు చాలు. మోటారు చేసే పని మారలేదు. తీగల్లో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆ మోటారు వల్ల లైన్లో జరిగే నష్టం దాదాపు సగానికి పడిపోతుంది. లైను చివరున్న రైతుకి వోల్టేజీ కాస్త పైకి లేస్తుంది. డబ్బాలాంటి ఓ పాసివ్ కాంపొనెంటు చేసే పని ఇది. పైగా దీని ఫలితం ఎక్కువగా అందేది బిగించుకున్న రైతుకి కాదు, అదే లైన్లో ఉన్న పక్క రైతుకి. అందుకే చాలామంది బిగించుకోరు. అది వేరే కథ.

సరే, పాసివ్ గొప్పతనం చూశాం. ఇప్పుడు యాక్టివ్‌కి ఉన్న బలహీనత చూద్దాం. దీనికి రేడియో కంటే మంచి పాఠం లేదు.

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. మీడియం వేవ్ స్టేషను దగ్గర్లో ఉంటే బ్యాటరీయే లేకుండా రేడియో వినొచ్చు. పొడుగాటి ఏరియలు తీగ, ఒక కాయిల్, ఒక గ్యాంగ్ కండెన్సరు, ఒక క్రిస్టలు, చెవికి హెడ్‌ఫోను. అంతే. ఆ క్రిస్టలు దగ్గర మనవాళ్ళ పాత్ర కూడా ఉంది. జగదీశ్ చంద్రబోసుకి గలీనా డిటెక్టరు మీద అమెరికా పేటెంటు 1904లో వచ్చింది. ఈ రేడియోలో మీ చెవిలో వినపడే శబ్దానికి శక్తి ఎక్కడిది? స్టేషను టవరు నుంచి గాల్లో వచ్చినదే. ఏరియలు ఎంత పట్టుకుంటే అంతే వినపడుతుంది. అందుకే ఒక్కరు వినగలరు, అదీ చెవి రిక్కించి.

నలుగురూ కూర్చుని వినాలంటే మధ్యలో ఒక గేటు కావాలి. లీ డిఫారెస్ట్ 1906లో వాక్యూం ట్యూబులో మూడో ఎలక్ట్రోడు పెట్టడంతో ఆ దారి తెరుచుకుంది. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెయిన్ ట్రాన్సిస్టరు చేసి చూపించారు. దాంతో రేడియో జేబులోకి వచ్చేసింది. మన ఊళ్ళల్లో అయితే రేడియో పేరే ట్రాన్సిస్టరు అయిపోయింది. "ఆ ట్రాన్సిస్టరు కాస్త సౌండు పెంచరా" అనేవాడు మా తాతయ్య. పెట్టె మొత్తానికి లోపలున్న ఒక కాంపొనెంటు పేరు పెట్టేశాం. అలాంటి అదృష్టం కండెన్సరుకి పట్టలేదు.

అయితే ట్రాన్సిస్టరు రేడియో స్పీకర్లోంచి వచ్చే అర వాటు శబ్దం విజయవాడ నుంచి రాలేదు. వెనక మూత తీస్తే కనపడే సెల్లుల్లోంచి వచ్చింది. విజయవాడ పంపింది ఆ సెల్లుల్ని ఎలా ఖర్చుపెట్టాలో చెప్పే ఆజ్ఞ మాత్రమే. అందుకే సెల్లులు అయిపోవస్తుంటే గొంతు బొంగురుపోయేది. మా నాయనమ్మ వాటిని తీసి ఎండలో పెట్టేది, మళ్ళీ కాసేపు పలికేవి.

1977 నవంబరు 19 సంగతి దివిసీమలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఉప్పెన అంటే చాలు. సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున లేచి మీదికొచ్చింది. అధికారిక లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. హంసలదీవి, పాలకాయతిప్ప, నాగాయలంక దగ్గరి సొర్లగొంది, ఇవన్నీ మాకు ఊళ్ళ పేర్లు మాత్రమే కావు, చుట్టాలు పోయిన చోట్లు. నాయనమ్మ ఆ రోజు గురించి చెప్పేటప్పుడు గాలి, నీళ్ళ తర్వాత ఎప్పుడూ ఒక మాట అనేది. "ఇంట్లో ట్రాన్సిస్టరుంది గానీ అందులో సెల్లులు లేవయ్యా." రేడియో వింటే అందరూ బతికిపోయేవారని నేననను. పోవడానికి రోడ్లూ, ఎక్కడానికి మిద్దెలూ లేని రోజులవి. కానీ ఆ మాట నాకు ఎలక్ట్రానిక్స్ పుస్తకాలన్నిటికంటే గట్టిగా గుర్తుండిపోయింది. ఇంట్లో యాక్టివ్ కాంపొనెంటుంది, గాల్లో సిగ్నలుంది, దానికి కూడు పెట్టేది లేదు.

ఆ తర్వాత బందరులో తుఫాన్లని పసిగట్టే రాడారు పెట్టారు. 2004లో దాని తరవాతి తరంగా డాప్లర్ రాడారు వచ్చింది. బందరు అనేసరికి ఈ యాక్టివ్ పాసివ్ మాటల్లో ఇంకో తిరకాసు చెప్పాలి. అక్కడ రెండూ ఉన్నాయి.

రాడారుని యాక్టివ్ పరికరం అంటారు. తనే రేడియో తరంగాల్ని పెద్ద పవర్‌తో వదిలి, మబ్బుల్లోని చినుకుల్ని తగిలి తిరిగొచ్చే అతి చిన్న ప్రతిధ్వనిని వింటుంది. ఇక రెండోది బీఈఎల్. బందరులో 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ అని ఒకటి పుట్టింది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. మన సైన్యం చీకట్లో చూడ్డానికి వాడే నైట్ విజన్ పరికరాలకి ఆ ఫ్యాక్టరీ పేరు. వాటిని పాసివ్ నైట్ విజన్ అంటారు. ఎందుకంటే పాతకాలం నైట్ విజన్లు కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ దీపం వేసి చూసేవి. అలాంటి కళ్ళద్దాలే శత్రువు దగ్గరుంటే ఆ దీపం వాడికి టార్చిలైటులా కనపడుతుంది. కొత్తవి దీపం వెయ్యవు, చుక్కల వెలుగే చాలు. అందుకని పాసివ్.

కానీ దాని లోపల ఏముంది? ఇమేజి ఇంటెన్సిఫయర్ ట్యూబు. లోపలికొచ్చిన కాస్త వెలుగుని వేల రెట్లు పెంచి చూపిస్తుంది, బ్యాటరీ మీద పనిచేస్తుంది. కాంపొనెంట్ల లెక్కలో పక్కా యాక్టివ్. అంటే పాసివ్ పరికరం గుండెకాయ యాక్టివ్ కాంపొనెంటు. పరికరాల దగ్గర ఈ మాటలకి అర్థం "తను ముందు అరుస్తుందా, ఊరికే వింటుందా" అని. కాంపొనెంట్ల దగ్గర "సిగ్నలు పవర్ పెంచగలదా లేదా" అని. ఒకే మాట, రెండు అర్థాలు. ఇంటర్వ్యూల్లో ఈ రెంటినీ కలిపేసి తికమకపడేవాళ్ళు బోలెడుమంది.

తికమక అంటే డయోడు కూడా గుర్తొస్తుంది. కొన్ని పుస్తకాలు యాక్టివ్ అంటాయి, కొన్ని పాసివ్ అంటాయి. సెమీకండక్టర్లన్నిటినీ ఒక గాటన కట్టేసేవాళ్ళు యాక్టివ్‌లో వేస్తారు. పవర్ లెక్క చూస్తే మామూలు రెక్టిఫయర్ డయోడు దేన్నీ పెంచదు, ఒకవైపే పోనిస్తుంది, కాబట్టి పాసివ్. కాలవలో వెనక్కి తన్నకుండా పెట్టే రెక్కతలుపు లాంటిదన్నమాట. అయితే లియో ఎసాకి 1957లో కనిపెట్టిన టన్నెల్ డయోడుని తగిన సప్లైతో వాడితే సిగ్నల్ని పెంచగలదు. అదీ డయోడే. అందుకని కాంపొనెంటు పేరు చూసి ముద్ర వెయ్యకుండా అది ఏం చేస్తోందో చూడటం మంచిదని మా చెల్లికి చెప్పాను. "ఇంత రాస్తే రెండు మార్కులేనా?" అంది. నిజమే పాపం.

ఇదంతా పరీక్షలకి, కబుర్లకి పనికొచ్చేదే అనుకుంటున్నారా? మా మావయ్య రొయ్యల చెరువు దగ్గరికి రండి.

రొయ్యల చెరువుకి రాత్రి గండం. పగలు నీటిలో నాచు ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడితే అదీ రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకోవడం మొదలెడుతుంది. తెల్లవారుజాము మూడు నాలుగింటికి నీటిలో ఆక్సిజన్ బాగా అడుగంటుతుంది. ఏరేటర్లు ఆడుతూ ఉండాల్సిందే. ఆ టైములో కరెంటు పోయి, జెనరేటరు వెయ్యడం ఆలస్యమైతే పొద్దున్నకి రొయ్యలు తేలిపోతాయి. నాలుగు నెలల పంట, మేతకి తెచ్చిన అప్పు, అన్నీ ఒక్క రాత్రిలో. దివిసీమలో ఇది ఎవరినడిగినా చెప్తారు.

మావయ్య ఫోనుకి కబురు పంపే ఓ పెట్టె కొన్నాడు. మోటార్లు ఆన్ అయినా ఆఫ్ అయినా మెసేజి వస్తుంది. కరెంటు పోతే ఫోను మోగుతుందన్నాడు అమ్మినవాడు. లోపల మైక్రోకంట్రోలరు, జీఎస్‌ఎం మాడ్యూలు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. రెండు నెలలు బాగానే చేసింది. ఒక రాత్రి లైను మొత్తం పోయింది. ఫోను మోగలేదు. ఎందుకు మోగుతుంది? ఆ పెట్టెకి కూడు పెట్టేది కూడా అదే లైను. లోపల బ్యాటరీ లేదు. కరెంటు పోయిందని చెప్పాల్సినది కరెంటుతో పాటే పడిపోయింది. యాక్టివ్ కాంపొనెంట్లు ఎన్నున్నా ఏం లాభం?

ఆ రాత్రి చెరువుని కాపాడింది దోమలు. వట్టిమాట కాదండీ. షెడ్డులో పడుకున్న కాపలా మనిషి మీద ఫ్యాను ఆగిపోయింది. దోమలు కుమ్మేసరికి లేచి, చెరువు చప్పుడు లేదని గమనించి జెనరేటరు వేశాడు. పంట దక్కింది.

ఆ పండక్కి ఊరెళ్ళినప్పుడు మావయ్యా, నేనూ, అవనిగడ్డలో మోటార్లు చుట్టే అతనూ కలిసి వేరే ఏర్పాటు చేశాం. ఒక 230 వోల్టుల రిలే, ఒక పన్నెండు వోల్టుల బ్యాటరీ, ఒక సైరను. కరెంటున్నంతసేపూ రిలే కాయిల్ అయస్కాంతమై కాంటాక్టుని లాగి పట్టుకుంటుంది, సైరను సర్క్యూటు తెగి ఉంటుంది. కరెంటు పోగానే స్ప్రింగు దాన్ని వెనక్కి తోసేస్తుంది, కాంటాక్టు కలిసి బ్యాటరీ మీద సైరను మోగుతుంది. ప్రోగ్రాం లేదు, సిమ్ కార్డు లేదు. ఇందులో నాకు నచ్చేది ఇంకోటుంది. రిలే కాయిల్ కాలిపోయినా సైరనే మోగుతుంది. కాయిల్‌కి వెళ్ళే తీగని ఎలక కొరికినా సైరనే మోగుతుంది. పాడవడమంటూ జరిగితే అరిచే వైపు పాడవుతుంది, నోరుమూసుకునే వైపు కాదు. రైల్వేవాళ్ళ ట్రాక్ సర్క్యూట్లు కూడా ఈ పద్ధతిలోనే చేస్తారు. కరెంటు అందకపోతే సిగ్నలు ఎరుపు చూపించాల్సిందే.

దీనికీ ఒక బలహీనత ఉంది. బ్యాటరీ చచ్చిపోతే కిక్కురుమనదు. అందుకని మావయ్య వారానికోసారి మెయిన్ స్విచ్చి దింపి, సైరను విని, మళ్ళీ ఎత్తుతాడు. ఫోను పెట్టెని కూడా పారెయ్యలేదు, దానికీ వేరే బ్యాటరీ పెట్టాం. అదుంటే అవనిగడ్డలో ఉన్నా తెలుస్తుంది.

మా ఆఫీసులో నేను చేసేది కూడా ఇంచుమించు ఇదే పని. సర్వర్లు సరిగా ఉన్నాయో లేదో చూసి కబురు చెప్పే ప్రోగ్రాములు. కొత్తగా చేరిన పిల్లలు "సర్వరు పడిపోతే మెయిలు పంపు" అని రాసి, ఆ ప్రోగ్రాముని అదే సర్వర్లో పెడతారు. వాళ్ళకి నేను రిలే కథే చెప్తాను. సర్వరు నిమిషానికోసారి "బాగున్నాను" అని బయట ఇంకోచోటికి చెప్తుండాలి. ఆ మాట ఆగిపోతే అక్కడున్నది అరవాలి. ఆ బయటిది వేరే కరెంటు మీద, వేరే నెట్‌వర్కు మీద ఉండాలి. ఎంత తెలివైన సాఫ్ట్‌వేరైనా కిందికి దిగితే కోట్ల ట్రాన్సిస్టర్లే, వాటన్నిటికీ కూడు పెట్టే తీగ ఒకటి ఉంటుంది.

కాబట్టి మా చెల్లికి రాసిచ్చిన జవాబు ఇది. తీసుకున్న దానికంటే ఎక్కువ పవర్ ఇవ్వలేనిది పాసివ్. అది ఊరికే కూర్చోదు. దాచిపెడుతుంది, ఆలస్యం చేస్తుంది, ముందుకి జరుపుతుంది, కొంత వేడిగా పోగొడుతుంది. చిన్న సిగ్నలుతో పెద్ద పవర్‌ని నడిపించేది యాక్టివ్. ఆ పెద్ద పవర్ దాని సొంతం కాదు. పరీక్షకి ఇంతవరకూ చాలు. పరీక్ష అయ్యాక, ఏ సర్క్యూటు చూసినా, ఏ పెట్టె కొన్నా ఇంకో రెండు ప్రశ్నలు అడగమన్నాను. దీనికి కూడెవరు పెడుతున్నారు? ఆ కూడు ఆగిపోయిన క్షణాన ఇది ఏం చేస్తుంది?

రెండో ప్రశ్నకి జవాబు డబ్బా మీద రాసి ఉండదు. స్విచ్చి దింపి చూడాల్సిందే. పగటిపూట, మనుషులు దగ్గరున్నప్పుడు.